లుప్తశేషమా, ధాతువా? - ప్రాతాది విశేషణములు, సోదరభాషల సాక్ష్యము

ప్రాతాది సంధి నెఱుగని తెలుగు విద్యార్థి యుండడు. సమాసమున ప్రాత మొదలగు శబ్దముల తొలి యచ్చునకు మీది వర్ణము లన్నియు బహుళముగా లోపించునని చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) విధించెను. ప్రాత, ఇల్లు కలసి ప్రాయిల్లు. లేత, దూడ కలసి లేఁదూడ. క్రొత్త, చెమట కలసి క్రొంజెమట. కెంపు, తామర కలసి కెందామర. లోపింపగా మిగిలిన భాగమునకు లుప్తశేషమని పేరు. ఈ సూత్రముతో మనము పాఠము చెప్పుచున్నాము, పరీక్షలందు ప్రశ్నలు వేయుచున్నాము. రూపసాధనకు దీనిని మించిన సులభోపాయము లేదు.

ఐనను ఒక ప్రశ్న మిగిలియున్నది. లే, ప్రా, క్రొ, కెం అనునవి నిజముగా పెద్ద పదములు విఱిగి మిగిలిన తునకలా? లేక అవియే మొదటి ధాతువులై, లేత, ప్రాత, క్రొత్త, కెంపు అనునవి వానిపై ప్రత్యయములు చేరి తరువాత పుట్టినవా? ఇది ప్రక్రియను గూర్చిన చిన్న తగవు కాదు. ద్రావిడభాషలలో విశేషణము ప్రత్యేకమైన పదజాతి కాదనియు, గుణమునో సంబంధమునో తెలుపు నామములే విశేషణస్థానమున నిలుచుచున్నవనియు కాల్డ్వెల్ 1856లో ప్రకటించిన తులనాత్మక వ్యాకరణమున వాదించెను. పెద్ద శబ్దము మొదటిదై చిన్నది దాని శేషమైనచో ఆ మాటకు బలము చేకూరును. చిన్నదే మొదటిదైనచో, మూలద్రావిడభాషకు స్వల్పమైనను తనదైన విశేషణవర్గ మొకటి యుండెనని చెప్పవలసివచ్చును. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 2003లో ప్రకటించిన ద్రావిడభాషల గ్రంథమున ఈ రెండవ పక్షమునే స్వీకరించిరి. ఆ పక్షమునకు మన ప్రాతాదు లెంతవఱకు సాక్ష్యమిచ్చునో చూతము.

మొదట లేత శబ్దమును తీసికొందము. తమిళమున దీనికి సరియైనది ఇళ. ఇళమై యౌవనము, ఇళైయ యనగా చిన్నవయస్సు గల, ఇళనీర్ లేత కొబ్బరికాయ నీరు. కన్నడమున ఎళ, ఎళెయ. ఆ నీటికే అచ్చట ఎళనీరు అని పేరు. ఈ రెండు భాషలందును తకారము జాడ లేదు. ఇక తెలుగున లేఁదూడ, లేఁజిగురు, లేమ, లేఁగ అను పదములందును తకారము లేదు. లేమ, లేఁగ అనునవి సమాసములుగాక ఏకపదములుగా వాడుకలో నున్నవి గనుక వానిలో తకారము లోపించెననుటకు అవకాశమే లేదు. అంతకంటె బలమైన సాక్ష్యము మఱియొకటి కలదు. ఎలనాగ, ఎలప్రాయము, ఎలమావి అను పదములలోని ఎల శబ్దము కన్నడపు ఎళ యే. అనగా తెలుగు తన యింటిలోనే రెండు రూపములను, ప్రాచీనమైన ఎల నొకదానిని, దానినుండి పుట్టిన లే నొకదానిని, దాచుకొన్నది.

ఎళ యనునది లే యెట్లయ్యెను? ధాతువు మొదటి యచ్చు ముందున్న హల్లును దాటి ఆవలి యచ్చుతో కలసి దీర్ఘమగుట తెలుగున ప్రసిద్ధమైన మార్పు. తమిళమున ఉరల్, మనకు రోలు. తమిళమున ఇరణ్డు, మనకు రెండు. అచ్చట ఉళ్, ఇచ్చట లో. అచ్చట మరమ్, ఇచ్చట మ్రాను. వర్ణవ్యత్యయమని మన పెద్దలు పేర్కొన్న యీ మార్పును కృష్ణమూర్తి గారు 1961లో వెలువడిన తెలుగు ధాతువుల గ్రంథమున సవిస్తరముగా వివరించిరి. ఎళ లోని ఎకారము ళకారమును దాటి అకారముతో కలసిన లే యగును. ఆ తరువాతనే తకార ప్రత్యయము చేరి లేత యైనది.

ప్రాత శబ్దమునకును ఇదియే గతి. తమిళమున పఴైయ, ప్రాచీనకన్నడమున పఴ, నేటి కన్నడమున హళె, హళెయ. పఴ లోని ఴకారము తెలుగున రేఫమై, వ్యత్యయము వలన ప్రా యైనది. ప్రాఁబడు అను క్రియలోను, వేదమునకు పర్యాయమైన ప్రామిన్కు లోను ఆ ప్రా మాత్రమే కలదు. దానికి తకారము చేరగా ప్రాత, రేఫము జాఱిపోగా నేటి పాత. ఈ రేఫలోపము చాల ముఖ్యము. పాత యని పలుకువానికి ప్రాఁబడు లోని ప్రా యేమో తెలియదు. తెలియని రూపమును తెలిసిన రూపము నుండి సాధించి చూపుట వైయాకరణుని ధర్మము గనుక సూత్రము ఆ దిక్కున నడచినది.

క్రొత్త విషయము కొంత చిక్కైనది. నూతనార్థమున సోదరభాష లన్నియు ఇంచుమించుగా ఒకే ధాతువును నిలుపుకొన్నవి. తమిళమున పుదు, పుదియ, కన్నడమున పొస, హొస, తుళువున పొస, ఉత్తరమున కురుఖ్ భాషలో పునా, బలూచిస్తానమున మాటాడు బ్రాహూయీలో పూస్కున్. ఇన్ని క్రోసుల దూరమున చెదరియున్న భాషలు ఒక్క మాటను కాపాడుకొనగా, నడుమనున్న తెలుగు దానిని విడిచి క్రొత్త యను వేఱు పదమును చేపట్టినది. ఈ క్రొ శబ్దమునకు తమిళమున లేఁజిగురను అర్థము గల కొఴుందు అను పదముతో చుట్టఱికమున్నదని పండితుల అభిప్రాయము. అర్థమును బట్టియు, ఴకారము రేఫమగుటను బట్టియు నా కది సమంజసముగా తోచుచున్నది. లేతది క్రొత్తదగుటలో వింత లేదు. క్రొన్నన, క్రొమ్మావి యను పదములందు నేటికిని క్రొత్తదనము కంటె లేతదనమే ముందుగా స్ఫురించును.

కెంపు మఱియొక త్రోవ. ఇందలి ప్రత్యయము పు. అది నలుపు, తెలుపు, ఎఱుపు, పసుపు లందలి పువర్ణమే. తమిళమున కఱుప్పు, శివప్పు, కన్నడమున కప్పు, కెంపు అనునవియు నిట్టివే. గుణవాచకమైన ధాతువునకు పు చేర్చి గుణనామమును చేయుట దక్షిణభాషల కన్నిటికిని సామాన్యము. కనుక కెందామరలో పువర్ణము లోపింపలేదు. అది యెన్నడును అచ్చట చేరలేదు. తమిళమున చెందామరై, కన్నడమున కెందావరె. మూడింటను ధాతువు తిన్నగా తామరతో కలసినది. ఇచ్చట ఇంకొక విశేషము: ఇ, ఎ అచ్చులకు ముందున్న కకారము తమిళమున, తెలుగున చకారమగును, కన్నడమున కకారముగనే నిలుచును. కనుక తెలుగునకు సహజమైనది చెంగల్వ లోని చెం. కెంపు, కెందామర, కెంజాయ లందలి కెం కన్నడము నుండి వచ్చినదనుట న్యాయము. చాళుక్యుల, రాష్ట్రకూటుల యేలుబడి చవిచూచిన సీమవారికి ఈ యెరవు విచిత్రము కాదు. సూరి కెంపును, చెన్నును ఒకే గణమున చేర్చెను. ఆ రెండును ఒక్క ధాతువే యని, ఒకటి పొరుగింటి వేషమున నున్నదని ఆయనకు తెలిసియుండ నక్కఱలేదు.

సూరిని తప్పుపట్టుటకు ఈ మాటలు వ్రాయుట లేదు. తమిళులును అదే పని చేసిరి. పదమూడవ శతాబ్దమున పవణంది రచించిన నన్నూలు పెరుమై, శిఱుమై, పశుమై మొదలగు గుణనామములను గ్రహించి, సమాసమున వాని తుది మై లోపించుననియు, నడిమి ఉకారము ఇకార మగుననియు, తొలి యచ్చు దీర్ఘించుననియు, హల్లు ద్విరుక్తమగుననియు విధించినది. పెరుమై నుండి పెరు, పెరియ, పేర్ అన్నియు ఆ త్రోవనే సిద్ధించును. ఇరువురు వైయాకరణులు, వేఱు భాషలు, ఆఱు శతాబ్దముల యెడము. పద్ధతి మాత్ర మొక్కటి. వాడుకలో నిండుగా కనబడు నామమును ప్రకృతిగా గ్రహించి, అరకొరగా కనబడు ధాతువును దానినుండి సాధించిరి. అది వ్యవహారమును బోధించు శాస్త్రము, చరిత్రము కాదు. రెంటిని ఒకటిగా భావించి తరగతిలో చెప్పుటయే మన లోపము. అయితే తొల్కాప్పియము పదములను నాలుగు తెగలుగా విభజించి, నామమును క్రియను ఒక వైపున నుంచి, ఉరిచ్చొల్ అను తెగను వేఱుగా నెలకొల్పినది. గుణాదులను తెలుపు పదములకు అచ్చట చోటు దొరకినది. కాల్డ్వెల్ దాని కంత విలువ నీయలేదు.

చిన్నయసూరి స్వయముగా ధాతువును ధాతువుగనే యంగీకరించిన చోటు ఒకటి కలదు. అది ద్విరుక్తటకార సంధి. కుఱు, చిఱు, కడు, నడు, నిడు అను శబ్దముల ఱకారడకారములకు అచ్చు పరమైనపుడు ద్విరుక్తటకార మాదేశమగును: కుట్టుసురు, చిట్టెలుక, కట్టెదురు, నట్టిల్లు, నిట్టూర్పు. ఇచ్చట ఆయన నిడుద, నిడుపు అను పదములను గ్రహించి వాని తుది నూడబెఱుకలేదు. నిడు నే ప్రకృతిగా నిలిపెను. ఈ నిట్టూర్పు చాల ప్రాచీనమైన సమాసము. తమిళమున నెట్టుయిర్ప్పు, కన్నడమున నిట్టుసిరు. మూడు భాషలవారును ఒకే విధముగా, ఒకే ధాతువుతో, ఒకే ద్విత్వముతో నిట్టూర్చుచున్నారు. ఒక భేదము మాత్రము గమనింపదగినది. నెడు అను ధాతువు తమిళమున నెట్ట్ అగును గాని, శిఱు అనునది శిఱ్ఱ్ అగును. శిఱ్ఱూర్ అనగా చిన్నయూరు. తమిళము రెండుగా నుంచిన ధ్వనులను తెలుగు ఒక్క ట్ట గా కలిపివేసినది. సూరి సూత్రమున ఱకారమును డకారమును ఒకే త్రాట కట్టబడుటకు కారణ మిదియే.

నిడు శబ్దము నేటి మాటలో లేదు. జమ్మలమడుగు ప్రాంతపు రైతు నిడివి యను మాటను వినియుండవచ్చును గాని, చెట్టును గూర్చి చెప్పునపుడు పొడుగు అనియే యనును. ఐనను ఎఱ్ఱగుంట్ల దాపున నిడుజువ్వి యను గ్రామము కలదు. ఇరుగుపొరుగున ఎఱ్ఱగుంట్ల, పెద్దముడియము, పెద్దపసుపుల యను పేరులు నేటి విశేషణములతో నుండగా, నిడుజువ్వి ఒక్కటి ప్రాచీనమైన ధాతువును ప్రత్యయము లేకుండ మోయుచున్నది. నోట చచ్చిన మాట ఊరిపేరున బ్రతుకుట యనగా నిదియే.

ఇట్టిది మన దేశమునకే పరిమితము కాదు. స్లావుభాషలలో నూతనార్థకమైన ధాతువు నోవ్. దానికి 'అది' యను అర్థము గల సర్వనామము తుది చేరి ఏర్పడిన దీర్ఘరూపము రష్యన్ భాషలో నోవియ్. అదియే నేడు విశేష్యమునకు ముందు నిలుచును. హ్రస్వరూపము ఆ స్థానమును కోల్పోయినను నోవ్‌గొరొద్ అను పట్టణము పేరులో, అనగా 'క్రొత్తపట్టణ'మున, నిలిచియున్నది. తెల్లని యను అర్థమున రష్యన్ బేలియ్, చెక్ బీలీ, పోలిష్ బ్యావీ యనునవి ఒకే ధాతువు బిడ్డలు; బెల్‌గ్రేడ్ నగరము పేరునకు అర్థము తెల్లకోట. అచ్చటి విశేషణము లింగవచనవిభక్తులను బట్టి మాఱును, మనది మాఱదు. ఇది పెద్ద భేదమే. కాని హ్రస్వమైన ధాతువు ముందు, ప్రత్యయముతో పెరిగిన రూపము వెనుక యను క్రమము రెండు కుటుంబములందును సమానము. ఆ భాషలలో దీర్ఘరూపము నుండి అక్షరములు లోపించి హ్రస్వరూప మేర్పడెనని యెవ్వరును చెప్పరు.

తెలుపు ప్రస్తావన వచ్చినది గనుక దానిని కొంత విచారింపవలెను. ధవళార్థమున దక్షిణభాషల మూలధాతువు వెళ్. తమిళమున వెళ్ళై తెలుపు, వెళ్ళి రజతము, వెణ్ణెయ్ నవనీతము, వెణ్ణిలవు చంద్రిక. కన్నడమున వకారము బకారమై బిళి, బెళ్ళి, బెణ్ణె, బెళుదింగళు. తుళువున రజతము బొళ్ళి. తెలుగున వెండి, వెన్న, వెన్నెల, వెలిదామర, గోడలకు పూయు వెల్ల, ఇంకను వెల్లుల్లి. సంతానము పెద్దదియే, కాని వెల్ల నేడు స్వతంత్రవిశేషణము కాదు. వెల్ల ఆవు అని యెవ్వరు ననరు. ఆ స్థానమును తెల్ల యాక్రమించినది. తెల్ల యనునది తెళ్ అను ధాతువు బిడ్డ. దాని తొలి యర్థము తెలుపు కాదు, నిర్మలత్వము. తమిళమున తెళి యనగా తేఱు, తేటపడు. కన్నడమున తిళి యనగా ఎఱుగు. మనకు తెలియు, తెలివి, తేట. తెల్లవాఱుట యనగా లోకము తేటపడుట. తేటదనము నుండి తెలుపు వచ్చినది. తెలుగు ఒక్కటియే ఈ మెట్టు దిగినది.

ఇట్లు వెల్ల మూలబడుట వలన ఒక చిత్రము జరిగినది. సర్కారు జిల్లాలవారు వెల్లుల్లి యనుదానిని కడపజిల్లాలో తెల్లగడ్డ యందురు. నీరుల్లిని ఎఱ్ఱగడ్డ యందురు. వెల్లుల్లిలోని వెల్ల యేమో వినువానికి తెలియనందున, జనులు బ్రతికియున్న విశేషణముతో అదే సమాసమును మరల కట్టుకొన్నారు. అర్థ మదియే, కూర్పు అదియే, ధాతువు మాత్రము వేఱు. ఎలనాగకు బదులుగా లేఁబ్రాయపు పడుచు, నిడుజువ్వికి బదులుగా పొడుగుజువ్వి యన్నట్లు. జనులు వ్యాకరణము చదువకయే చేసిన యీ పని, విశేషణధాతువు నేరుగా నామముతో కలయుట మన భాషకు ప్రాణమని చూపుచున్నది.

ధాతుసామ్యమును వెదకు విద్యార్థికి ఒక హెచ్చరిక అవసరము. తమిళమున నల్ల యనగా మంచి. తెలుగున నల్ల యనగా కాల, కృష్ణ. చెవికి ఒక్కటియే యైనను ఇవి రెండు ధాతువులు. మంచి యను అర్థము గలది నల్, దంత్యలకారముతో; రాత్రి, చీకటి యను అర్థము గలది నళ్, మూర్ధన్యళకారముతో. తమిళమున నళ్ళిరుళ్ అనగా నడిరేయి చీకటి. తెలుగున ళకారము లకారముతో కలసిపోవుటచే రెండును ఒక్కతీరున వినబడి, ఒకటి నిలిచి మఱియొకటి తొలగినది. సొగసను అర్థము గల నలువు అను పదమున పాత నల్ జాడ కొంత మిగిలినది. జమ్మలమడుగు నల్లరేగడి మంచి నేలయే, కాని ఆ మంచితనము నల్ల శబ్దములో లేదు.

ఈ సీమనుండి ఇంకొక సాక్ష్యమును చూపవచ్చును. ఎఱ్ఱగుంట్ల మండలమునందలి కలమళ్ళ గ్రామశాసనము రేనాటి చోళుడైన ధనంజయునిది. లిపిని బట్టి క్రీ.శ. 575 ప్రాంతమునకు చెందినదిగా నిర్ణయింపబడి, తెలుగు శాసనములలో తొలిదిగా ప్రసిద్ధి కెక్కినది. ఆ రాజు బిరుదమున ముత్తురాజు అను మాట కలదు. దాని మొదటి భాగమును కొందఱు మూడు సంఖ్యతో ముడిపెట్టిరి. వృద్ధార్థకమైన ముదు ధాతువు నుండి వచ్చినదని, పెద్దరాజని, చెప్పుటయే నాకు సరళముగా కనబడుచున్నది. తమిళమున ముదు, ముదియ. కన్నడమున ముది, ముత్తజ్జ. తెలుగున ముదియు, ముదుసలి, ముత్తాత, ముత్తవ్వ. ముత్తాత లోని ముత్ ఎట్టిదో ముత్తురాజు లోని ముత్తు అట్టిదే యైనచో, మనకు లభించిన తొలి తెలుగు శాసనముననే ధాతువు ప్రత్యయము లేకుండ నామముతో కలసియున్నదనవలెను. బిరుదముల వ్యుత్పత్తి నిర్ణయించుట కష్టము గనుక దీనిని ఉపబలముగానే గ్రహించుచున్నాను. వాదమంతయు దీనిపై మోపుట లేదు.

ఇక పెద్ద శబ్దము. మూలధాతువు పెర్. అచ్చునకు ముందు అది పేర్ అగుట తమిళమునను, తెలుగునను సమానము: తమిళమున పేరాశై, పేరూర్, తెలుగున పేరాశ, పేరురము, పేరోలగము. హల్లునకు ముందు తమిళమున పెరుమ్, తెలుగున పెను, కన్నడమున హె చేసి మీది హల్లును ద్విరుక్తము చేయుట: హెబ్బులి, హెద్దారి, హెమ్మర. హెబ్బులి యనగా మన పెద్దపులియే. పేర్వాదులకు టుగాగమము వికల్పమని చెప్పి పేరురము, పేరుటురము అను రెండు రూపములను సూరి సాధించెను. సోదరభాషలను బట్టి చూడగా పేరురమే పూర్వము. టుకారము తెలుగు తరువాత తన యింట పెంచుకొన్నది. ధాతువునకు దకార ప్రత్యయము చేరి, రేఫము అందులో లీనమై పెద్ద యైనది. పేరాశ నెవ్వరును పెద్ద నుండి సాధింపరైరి. లేఁదూడను మాత్రము లేత నుండి సాధించిరి. రెంటి చరిత్రము నొక్కటియే.

ప్రాతాదిగణమున విశేషణములు కాని పదములును కలవు గదా, వాని సంగతి యేమి యని యడుగవచ్చును. పూవు, మీఁదు, క్రిందు అట్టివి. పూవు, తోట కలసి పూఁదోట యగునందురు. తమిళమున పూ యనునదే పూర్ణపదము, మన పూవు దానికి వువర్ణము చేరినది. మీఁగడ, మీఁగాలు లందలి మీ తమిళమునను మీ యే. మీసమునకు అచ్చటి పేరు మీశై. క్రీఁగన్ను లోని క్రీ తమిళపు కీఴ్. ఴకారము రేఫమై ముందునకు జరిగినది, క్రిందు అను నామ మా తరువాతిది. గణములోని యీ పదములన్నిటికిని ఒకే తీర్పు వచ్చుచున్నది. పరీక్షాపత్రమున విద్యార్థి ప్రాతాది సంధి యని వ్రాసిన మార్కులు వేయవలసినదే. లుప్తశేషమనగా నేమని అడిగినవానికి మాత్రము ఎలనాగను, ఇళనీరును పిలిచి సాక్ష్యము చెప్పింపవలెను.